లైన్‌బ్యాకర్‌కి ఒడ్డూపొడుగా, కాళ్ళ వేగమా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అన్నా, నేను జార్జియాలో ఎం.ఎస్. చేస్తున్నాను. ఇక్కడికి వచ్చేదాకా ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే అనుకున్నవాణ్ణి, ఇప్పుడు శనివారం వచ్చిందంటే అసైన్‌మెంట్లు పక్కన పడేసి కాలేజీ మ్యాచ్‌లు చూస్తున్నా. మా రూమ్‌లో నలుగురం. లైన్‌బ్యాకర్‌కి సైజు ముఖ్యమని ఇద్దరు, వేగం ముఖ్యమని నేనూ ఇంకొకడూ. అంట్లు ఎవరు తోమాలన్నది కూడా దీని మీదే పందెం కట్టుకున్నాం. ఒక్క మాటలో తేల్చండి.
– ఒక విద్యార్థి, అట్లాంటా

జవాబు: ఒక్క మాటలో అంటే వేగం. ఈ వారం అంట్లు ఆ ఇద్దరివే. కానీ తమ్ముడూ, ఆ ఒక్క మాట పట్టుకుని వాళ్ళ మీదకి వెళ్తే రెండో నిమిషంలోనే దొరికిపోతావు కాబట్టి మిగతాది కూడా విను.

ముందు ఆట కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. కాపాడే జట్టు, అంటే డిఫెన్స్, 11 మందిలో ముందు వరసలో నేలకి చెయ్యి ఆనించి వంగి ఉండే భారీ మనుషులు డిఫెన్సివ్ లైన్, బాగా వెనకా పక్కలా పాస్‌లు కాచుకునేవాళ్ళు సెకండరీ, ఈ రెండింటి మధ్య నాలుగైదు గజాల వెనక నిలబడేవాడు లైన్‌బ్యాకర్. బంతి పట్టుకుని ఎవడైనా దూసుకొస్తే వాణ్ణి పడెయ్యాలి, అవతలి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పాస్ విసిరేట్టుంటే గిరుక్కున తిరిగి వెనక్కి పరిగెత్తి ఆ పాస్ అందుకునే రిసీవర్‌ని కాయాలి, కోచ్ బ్లిట్జ్ అన్నాడంటే అన్నీ వదిలేసి క్వార్టర్‌బ్యాక్ మీదకి ఉరకాలి. మూడు ఉద్యోగాలకి మనిషి ఒక్కడే. మొదటి ఉద్యోగానికి బరువు పనికొస్తుంది, మిగతా రెంటికీ కాళ్ళు కావాలి. పాత రోజుల్లో మొదటిదే ఎక్కువ ఉండేది, ఇప్పుడు రెండోది పెరిగిపోయింది. గొడవంతా ఇక్కడి నుంచే వచ్చింది.

మీ రూమ్మేట్లు ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే ప్రొఫెషనల్ లీగ్, చూసి మాట్లాడుతున్నారేమో కనుక్కో. ఎందుకంటే కాలేజీ మైదానం వేరు. పొడవు, వెడల్పు రెండూ అవే, వెడల్పు 160 అడుగులు. తేడా మధ్యలో గీసే హ్యాష్ మార్కుల దగ్గర ఉంది. ప్రతి ప్లే, అంటే బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఒక్కో ఆట, ఆ రెండు వరసల మధ్యే ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ వరసల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు, కాలేజీలో 40 అడుగులు. అంటే కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద ఉంటే అవతలి వైపు గీత దాకా 100 అడుగుల ఖాళీ ఉంటుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే 90 అడుగుల లోపే. పదకొండు అడుగుల తేడా కాగితం మీద చిన్నదే గానీ, బంతి పట్టుకుని పక్కకి పరిగెత్తే 19 ఏళ్ళ కుర్రాణ్ణి గీత దగ్గరకి చేరేలోపు అడ్డుకోవాల్సినవాడికి అది చాలా పెద్దది. ఇవాళ్టి కాలేజీ కోచ్‌లు ఆ ఖాళీలోనే బతుకుతున్నారు. నలుగురు రిసీవర్లని వెడల్పుగా పరిచేసి, బరువైన లైన్‌బ్యాకర్‌ని మధ్యలో నుంచి బయటికి లాగి, అక్కడ వాడి పరుగుని పరీక్షిస్తారు.

ఇంకోటుంది, ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే కనిపిస్తుంది. ఆర్‌పీవో అని వినే ఉంటావు, రన్-పాస్ ఆప్షన్. బంతి చేతికి రాగానే క్వార్టర్‌బ్యాక్ దాన్ని, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెడతాడు గానీ వెంటనే వదలడు. కళ్ళు మాత్రం ఒక్క లైన్‌బ్యాకర్ మీదే ఉంటాయి. వాడు ముందుకి అడుగేశాడా, బంతి వెనక్కి లాక్కుని వాడు ఖాళీ చేసిన చోటికే విసిరేస్తాడు. వాడు ఉన్నచోటే ఉన్నాడా, బంతి రన్నింగ్ బ్యాక్‌కి వదిలేస్తాడు. కబడ్డీలో కార్నర్‌లో ఉన్నవాడు తొందరపడి దూకితే రైడర్ పక్క నుంచి జారిపోయినట్టే ఉంటుంది వ్యవహారం. పోనీ ముందున్న ఆఫెన్సివ్ లైన్‌ని, అంటే బంతి ఉన్న జట్టు (ఆఫెన్స్) ముందు వరసని చూసి కనిపెడదామా అంటే, పాస్ ఆటలో ఆ లైన్‌మెన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజం దాటి ముందుకి రాకూడదు, కాలేజీలో మూడు గజాల దాకా రావచ్చు. అంటే ఆ మూడొందల పౌండ్ల మనుషులు అచ్చం రన్ ఆటకి వచ్చినట్టే మీద మీదకి వస్తూంటారు, బంతేమో నెత్తి మీద నుంచి ఎగిరిపోతుంది. అడుగు తప్పు వేశాక దిద్దుకోవాలంటే ఎంత బరువున్నా లాభం లేదు, కాళ్ళే కాపాడాలి.

పైగా ఆఫెన్స్ మనుషుల్ని మార్చకుండా గబగబా ఆడేస్తుంటే, మార్చుకోవడానికి డిఫెన్స్‌కి ప్రత్యేకంగా టైమ్ ఇవ్వరు. ఒక్క రన్ ఆపడానికని దింపిన 250 పౌండ్లవాడు, అంటే 113 కిలోలవాడు, మైదానంలోనే ఇరుక్కుపోతాడు. నాలుగో ప్లేకి నడుం మీద చేతులు పెట్టుకుని ఎగశ్వాస తీస్తుంటాడు, వాణ్ణి చూస్తే జాలేస్తుంది. ఇందుకే చాలా జట్లు మూడో లైన్‌బ్యాకర్‌ని తీసేసి వాడి చోట ఇంకో డిఫెన్సివ్ బ్యాక్‌ని పెట్టేశాయి. ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కూడా కాదు. 1980ల్లో మయామీ కోచ్ జిమ్మీ జాన్సన్ సేఫ్టీలుగా (సెకండరీలో బాగా వెనక ఉండేవాళ్ళు) వచ్చినవాళ్ళని లైన్‌బ్యాకర్లుగా, లైన్‌బ్యాకర్లుగా వచ్చినవాళ్ళని డిఫెన్సివ్ ఎండ్‌లుగా (డిఫెన్సివ్ లైన్ చివర్లో ఉండేవాళ్ళు) మార్చేసి, ప్రతి చోటా ఒక మెట్టు వేగం ఎక్కువున్నవాణ్ణి నిలబెట్టాడు. 1987లో జాతీయ టైటిల్ కూడా కొట్టాడు.

లెక్క కావాలంటే ఇంజినీరింగ్ చదివినవాడివే కదా, వెయ్యి. 104 కిలోలవాడు సెకనుకి 6 మీటర్ల వేగంతో వచ్చి గుద్దితే మొమెంటమ్ 624. 113 కిలోలవాడు 5.5 మీటర్లతో వస్తే 621 చిల్లర. అంటే ఆ తొమ్మిది కిలోల తేడాని అర మీటరు వేగం మింగేసింది. ఇక ఎదురుగా బ్లాక్ చెయ్యడానికి వచ్చే లైన్‌మన్ 310 పౌండ్లు, 140 కిలోలు ఉంటాడు. వాడి ముందు 104 అయినా 113 అయినా ఒకటే, ఇద్దర్నీ ఎత్తి పక్కన పెడతాడు. వాడి చేతికి దొరక్కుండా ముందే సందులో దూరిపోవడమే దారి. అందుకే నా ఓటు వేగానికి.

అయితే వేగం అంటే ఏంటన్న దగ్గరే మీ ఇద్దరూ కూడా తప్పులో కాలేసే ప్రమాదం ఉంది. దాని గురించి కింద ఇంకొకరు అడిగారు, చూడు.

ప్రశ్న: నలభై గజాల పరుగుకి అంత ప్రాముఖ్యం ఎందుకండీ? మ్యాచ్‌లో లైన్‌బ్యాకర్ సూటిగా నలభై గజాలు ఎప్పుడు పరిగెడతాడు?
– ఒక పాఠకురాలు, షార్లెట్

జవాబు: పరిగెట్టాడంటే ఆ పాటికి అవతలివాడు ఏదో పెద్ద ఆటే ఆడేశాడని అర్థమండీ. నలభై గజాలు 4.5 సెకన్లలో పరిగెత్తేవాడు గీత దాటేసరికి 4.8వాడు రెండున్నర మూడు గజాలు వెనక ఉంటాడు. కానీ లైన్‌బ్యాకర్ ఆట ఎక్కువగా పదీ పదిహేను గజాల్లో అయిపోతుంది, అక్కడ ఆ తేడా గజం లోపే. ఆ గజాన్ని ఒక మంచి మొదటి అడుగుతో సంపాదించేయొచ్చు, ఒక చెత్త అడుగుతో పోగొట్టుకోవచ్చు కూడా.

జోసీ జ్యూయెల్‌నే తీసుకోండి. అయోవాలో 2017లో కన్సెన్సస్ ఆల్-అమెరికన్, దేశంలోని అత్యుత్తమ కాలేజీ లైన్‌బ్యాకర్లలో ఒకడు. కంబైన్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కుర్రాళ్ళకి పెట్టే పరీక్షల్లో, నలభై గజాలకి 4.82 సెకన్లు తీసుకున్నాడు, గడియారం ప్రకారం నత్త. మ్యాచ్‌లో మాత్రం బంతి ఎటు వెళ్తుందో అటు అందరికంటే ముందు బయల్దేరేవాడు. ఆ ఊహ వేగాన్ని ఏ స్టాప్‌వాచ్ కొలవదు. బోస్టన్ కాలేజీ ల్యూక్ కీక్లీకైతే సైజూ, వేగమూ రెండూ ఉన్నాయి. 242 పౌండ్లు, 4.58 సెకన్లు. 2011లో 191 ట్యాకిళ్ళతో (బంతి ఉన్నవాణ్ణి పడెయ్యడం) దేశంలో మొదటి స్థానం, ఉత్తమ లైన్‌బ్యాకర్‌కిచ్చే బట్‌కస్ అవార్డు కూడా. అలాంటివాడు అరుదు కాబట్టే మిగతా మనుషుల గురించి ఈ చర్చ.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇంకోటి చెప్తాను. 2011 జనవరి 1, పాసడీనాలో రోజ్ బౌల్. ఒకవైపు విస్కాన్సిన్, వాళ్ళ ఆఫెన్సివ్ లైన్ చూస్తే మనుషులా గోడలా అనిపిస్తుంది. ఇటువైపు టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ), కోచ్ గ్యారీ ప్యాటర్సన్ జట్టు. ఇద్దరే లైన్‌బ్యాకర్లు, వెనక ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లు, అంటే సైజుని వదిలేసి వేగాన్ని నమ్ముకున్న పద్ధతి. విస్కాన్సిన్ చివరి రెండు నిమిషాల్లో బంతిని మైదానం చివరున్న ఎండ్ జోన్‌కి చేర్చి, అంటే టచ్‌డౌన్ కొట్టి, 21-19కి తెచ్చింది, స్కోరు సమం కావాలంటే టచ్‌డౌన్ తర్వాత దొరికే అదనపు అవకాశంలో రెండు పాయింట్ల కన్వర్షన్ కావాలి. ఎండ్ జోన్‌లో రిసీవర్ ఖాళీగా ఉన్నాడు. టీసీయూ లైన్‌బ్యాకర్ ట్యాంక్ కార్డర్ బ్లిట్జ్‌కి వెళ్ళి బ్లాక్‌లో ఇరుక్కున్నాడు. మామూలు కుర్రాడైతే అక్కడే తోపులాటలో పడిపోయేవాడు. ఇతను ఒక అడుగు వెనక్కి తీసుకుని, క్వార్టర్‌బ్యాక్ చెయ్యి పైకి లేవడం చూసి, ఉన్నచోటే ఎగిరి బంతిని నేలకి కొట్టాడు. మ్యాచ్ అక్కడే తేలిపోయింది, టీసీయూ సీజన్ మొత్తం ఓటమి లేకుండా ముగించింది. పేరు ట్యాంక్ గానీ ఆ ప్లేలో ట్యాంక్ లాగా చేసిందేమీ లేదు. పరుగూ లేదు, ఢీకొట్టడమూ లేదు. తోపులాటలో కూడా కన్ను బంతి మీద నుంచి పోలేదు, అంతే.

కాబట్టి నా వరస ఇది: ముందు కళ్ళు, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత కండ. సైజా వేగమా అని రెండిట్లోనే అడిగితే వేగం అంటాను గానీ, తప్పు వైపు వేగంగా పరిగెత్తేవాడు నిదానంగా ఉన్నవాడికంటే ప్రమాదం.

ప్రశ్న: మీరు ఎప్పుడూ వేగం వేగం అంటారు. 2013 జనవరిలో అలబామా లైన్ నోటర్ డేమ్‌ని తొక్కేయలేదా? ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళు కూడా చివరికి పెద్దవాళ్ళనే ముందు తీసుకుంటారు. దీనికేమంటారు?
– ఒక పాఠకుడు, చికాగో

జవాబు: తొక్కేసిందండీ, 42-14. కానీ మీరు చెప్పిన ఆ మ్యాచ్‌లో నోటర్ డేమ్ లైన్‌బ్యాకర్ ఎవరు? మాంటై టేయో, ఆ సీజన్‌లో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ అవార్డు ఓటింగ్‌లో రెండో స్థానం, బరువు 241 పౌండ్లు. సైజు తక్కువేమీ కాదు. ఆ సైజు అతన్ని కాపాడలేదు, అలబామా రన్నింగ్ బ్యాక్ ఎడ్డీ లేసీని పట్టుకోబోయి చేతుల్లోంచి జారిపోనిచ్చాడు. తర్వాత కంబైన్‌లో అతని నలభై గజాల టైమ్ 4.82 అని తేలింది. ఆ మ్యాచ్ అలబామా ఆఫెన్సివ్ లైన్ సైజు గొప్పదని చెప్తుంది, నేనూ ఒప్పుకుంటాను. అందులో లైన్‌బ్యాకర్ సైజు గురించి మీ వాదనకి పనికొచ్చేది నాకు కనిపించలేదు.

ఎన్‌ఎఫ్‌ఎల్ విషయంలో మాత్రం మీ మాటలో బలం ఉంది. 2021 జార్జియా డిఫెన్స్ చూడండి. మధ్యలో నకోబీ డీన్, 5 అడుగుల 11 అంగుళాలు, 229 పౌండ్లు. మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థి, ఇది చెప్తే మనవాళ్ళకి ఎక్కడలేని అభిమానం పుట్టుకొస్తుందని తెలుసు, అందుకే చెప్తున్నా. ఆ ఏడాది బట్‌కస్ అవార్డు అతనిదే. ఫ్లోరిడా మీద మొదటి సగం అయిపోతుందనగా పాస్‌ని మధ్యలో పట్టుకుని 50 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. టైటిల్ మ్యాచ్‌లో అలబామాని 33-18తో ఓడించారు. అతని పక్కన ఆడిన క్వే వాకర్ 6 అడుగుల 4 అంగుళాలు, 241 పౌండ్లు, నలభై గజాలకి 4.52. అవార్డు డీన్‌కి వచ్చింది, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వాకర్ 22వ పిక్, డీన్ మూడో రౌండ్‌లో 83వ పిక్. డీన్ గాయాల మీద అనుమానాలు కూడా ఉన్నాయి, కాదనను. కానీ ఆ ఐదు అంగుళాల తేడాకి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ధర కడతారన్నది నిజం. కాలేజీ శనివారాల్లో మాత్రం ఆ జట్టుకి డిఫెన్స్‌లో మెదడు డీనే.

తిరగేసి కూడా చూడొచ్చు. క్లెమ్సన్ ఐజయా సిమన్స్ 238 పౌండ్ల బరువుతో 4.39లో పరిగెత్తాడు, ఆ సైజులో అది మనిషి పరుగు కాదు. సేఫ్టీగా వచ్చి లైన్‌బ్యాకర్ అయ్యాడు, కోచ్ ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడి 2019లో బట్‌కస్ గెలిచాడు. 2020లో అరిజోనా 8వ పిక్‌గా తీసుకుంది, 2023లో న్యూయార్క్ జెయింట్స్‌కి పంపేసింది. కాలేజీలో అతని వేగం అన్ని లోపాల్నీ కప్పేసేది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అందరూ వేగంగానే ఉంటారు కాబట్టి అక్కడ ఆ దుప్పటి చాలలేదు.

మీకు ఊరటగా ఒకటి చెప్తాను. మూడో డౌన్ (పది గజాలు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకొక్క గజం కావాలి, ఫుల్‌బ్యాక్ నేరుగా సందులోకి దూసుకొస్తున్నాడు, అప్పుడు నాకూ అయోవా జ్యాక్ క్యాంప్‌బెల్ లాంటివాడే కావాలి. 6 అడుగుల 5 అంగుళాలు, 249 పౌండ్లు, 2022 బట్‌కస్ విజేత. అవతలివాడు ఏ వైపు వస్తాడో ముందే తెలిసిపోయిన చోట సైజే రాజు. కాకపోతే అలాంటి ప్లేలు ఒక మ్యాచ్‌లో ఎన్నుంటాయో మీరే లెక్కపెట్టండి. దానికి తోడు తలకి గురిపెట్టి కొడితే 2013 నుంచి మైదానం బయటికే పంపేస్తున్నారు, పాతకాలపు భయపెట్టే దెబ్బలకి విలువ అలా కూడా పడిపోయింది.

ప్రశ్న: మా అబ్బాయి హైస్కూల్ పదో తరగతి, జట్టులో లైన్‌బ్యాకర్. 165 పౌండ్లు ఉన్నాడు. తోటి పిల్లలు వాణ్ణి బక్కోడని ఏడిపిస్తున్నారట, వచ్చే సీజన్‌కల్లా ముప్ఫై పౌండ్లు పెరగాలని రోజుకి నాలుగుసార్లు షేక్‌లు తాగుతున్నాడు. వాళ్ళమ్మకేమో టెన్షన్. కాలేజీ వాళ్ళు బరువు చూసే తీసుకుంటారా?
– ఒక తండ్రి, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: మీ ఆవిడ టెన్షన్‌లో న్యాయం ఉందండీ. ఏడాదిలో ముప్ఫై పౌండ్లంటే అందులో కండ ఎంత, కొవ్వు ఎంత? కొవ్వు ఎక్కితే మొదట పోయేది మొదటి అడుగే. టెక్సాస్ ఆగస్టు ఎండలో ప్రాక్టీసుకి ఆ అదనపు బరువు మోయడం ఇంకో కష్టం, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ షేక్ డబ్బా మీద ఏం రాసుందో ఒకసారి పట్టుకెళ్ళి వాడి డాక్టర్‌కి చూపించండి.

కాలేజీ కోచ్‌లు 15, 16 ఏళ్ళవాడి ఇప్పటి బరువు కంటే ఒళ్ళు ఎంత బరువు మోయగలదో చూస్తారు. భుజాల వెడల్పు, ఎముక, చేతుల పొడవు. బరువు ఎక్కించడానికి వాళ్ళ దగ్గర స్ట్రెంగ్త్ కోచ్‌లు, భోజనశాలలు, మూడు నాలుగేళ్ళ టైమ్ ఉన్నాయి. వేగాన్ని మాత్రం ఓ మోస్తరుగానే పెంచగలరు. అందుకే సేఫ్టీలని తెచ్చి లైన్‌బ్యాకర్లుగా తయారుచేస్తారు గానీ, బరువైనవాణ్ణి తెచ్చి వేగం నేర్పించే పని పెట్టుకోరు. మీవాడు ఫుట్‌బాల్ సీజన్ అయ్యాక ట్రాక్‌కో రెజ్లింగ్‌కో వెళ్తానంటే వద్దనకండి. రెజ్లింగ్‌లో తన కంటే బరువైనవాణ్ణి నడుం కింద పట్టుకోవడం వస్తుంది, ట్యాకిల్‌కి కావాల్సింది అదే. నిజం చెప్పాలంటే కాలేజీ దాకా వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ, వాడి మార్కులు ఎలా ఉన్నాయన్నది మీరు రాయలేదు.

ఆ బక్కోడు అన్న మాటకి మందు, తర్వాతి ప్రాక్టీసులో వాళ్ళకంటే ముందు బంతి దగ్గరికి చేరడమే.

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా అన్నయ్య అక్కడ చదువుకుంటున్నాడు, వాడి వల్ల ఆదివారం తెల్లవారుజామున లేచి ఈ మ్యాచ్‌లు ఫోన్‌లో చూస్తున్నాను. కెమెరా బంతి వెంటే పోతుంది, లైన్‌బ్యాకర్ బాగా ఆడాడో లేదో ఎలా తెలుస్తుంది?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: బంతిని చూడటం మానెయ్యమ్మా. ప్లే మొదలయ్యేముందు క్వార్టర్‌బ్యాక్‌కి సూటిగా ఎదురుగా, లైన్ వెనక నిలబడ్డవాడి నంబర్ చూసి పెట్టుకో. బంతి కదిలాక మొదటి రెండు అడుగుల సేపు వాడి పాదాల మీదే చూపు ఉంచు. వెంటనే సరైన వైపు కదిలాడా, ఒకచోటే తొక్కుకుంటూ ఉండిపోయాడా, ముందుకి వేసి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడా. తర్వాత ట్యాకిల్ ఎక్కడ జరిగిందో చూడు. లైన్ దగ్గరే పడేస్తే అది మంచి ట్యాకిల్, ఎనిమిది గజాలు పోయాక వెనక నుంచి పట్టుకున్నది కూడా లెక్కల్లో ట్యాకిలే, కాబట్టి ఎన్ని ట్యాకిళ్ళన్నది చూసి మోసపోకు. నాలుగో క్వార్టర్‌లో కూడా మొదటి క్వార్టర్ అంత చురుగ్గా కదులుతున్నాడంటే వాడి నంబర్ మీ అన్నయ్యకి మెసేజ్ పెట్టి పేరేంటో అడుగు.